బావ పెంచిన బూజు

ఆ రోజు హైదరాబాద్ దవాఖానలో మందులిచ్చే నర్సమ్మ చాలా తొందరలో ఉంది. మా వెనక ఇంకా బారెడు వరస. గోళీల డబ్బా బావ చేతిలో పెట్టి, ఇంటికి పోయాక ఏం చేయాలో గడగడా ఒప్పజెప్పింది. తిన్నాకే వేసుకోవాలి, రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి, అరచేతులు మండితే ఫోన్ చేయాలి. చివరికి, "ఇంట్ల కడుపుతోని ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటే వాళ్లు ఈ గోళీని ఉత్త చేత్తో ముట్టొద్దు. మీరు బాత్‌రూంకు పోయినప్పుడు మూత పెట్టి రెండుసార్లు నీళ్లు కొట్టండి" అని చెప్పి, మా వెనకాయనను పిలిచింది.

మా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. నాకు యాభై దాటాయి. ఆ మాటను నేను అక్కడే వదిలేసి వచ్చాను. బావ వదల్లేదు.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా నాకు వేరే పిలుపు రాలేదు, ఆయనకు కావాలనీ అనిపించలేదు. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఫిట్టరుగా పనిచేసేవాడు. నేను సూర్యాపేటలో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇల్లు కోదాడలో. ఇద్దరం చెరో దిక్కుకు బస్సెక్కి బతికినవాళ్లం. పెద్దపేగు క్యాన్సరని తేలి ఆపరేషన్ అయ్యాక, ఆయన మిల్లుకు పోవడం మానేశాడు. గోళీలు మొదలయ్యాయి.

దవాఖాన నుంచి వచ్చే బస్సులో సూర్యాపేట దాటిందాకా ఆయన ఆ గోళీల డబ్బానే తిప్పి తిప్పి చూశాడు. ఆ తరువాత, "మేడం, ఒక డౌటు" అన్నాడు. సైన్సు విషయం ఏదైనా అడగాలంటే నన్ను మేడం అనడం ఆయనకు అలవాటు. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉందో అంత వేళాకోళం ఉంటుంది.

"గోళీ కడుపుల కరిగిపోతది గదా. మరి రెండుసార్లు నీళ్లెందుకు కొట్టమన్నది?"

"మందంతా ఒంట్లో ఆగదు బావా. కొంత పని చేస్తది. కొంత అట్లనే బయటికి పోతది. క్యాన్సర్ గోళీ ఒక్కటే కాదు, బీపీ గోళీ, నొప్పుల గోళీ, అన్నీ అంతే."

క్లాసులో పిల్లలకు చెప్పినంత తేలిగ్గా చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మునగాల దాబాలు వెనక్కి పోతుంటే అప్పుడు అడిగాడు.

"బయటికంటే యాడికి?"

ఎక్కడికి పోతాయో ఇద్దరికీ తెలుసు.

మాది కోదాడ అంచున లేచిన కాలనీ. ఇళ్లు వచ్చాయి, సిమెంటు రోడ్డు వచ్చింది, పక్కా మురుగు కాలువ మాత్రం మా గల్లీ దాకా రానేలేదు. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంది. ప్రతి ట్యాంకు నుంచీ ఒక పైపు బయటికి వస్తుంది. ఆ పైపులన్నీ ఒక మట్టి కాలువలో కలుస్తాయి. ఆ వరసలో మాది చివరి ఇల్లు. మా ప్రహరీ దాటగానే ఆ కాలువ ఒక ఆకుకూరల మడిలోకి దిగుతుంది. వానాకాలం నుంచి సంక్రాంతి దాకా అక్కడ బోరు నీళ్లు అందుతాయి. ఆ తరువాత బోరు దగ్గుతుంది, నీళ్లు రావు. అప్పుడు ఆ మడికి దిక్కు మా గల్లీ మురుగే. ఊరి అంచుల్లో ఆకుకూరలు పండించేవాళ్ల బతుకు చాలాచోట్ల ఇట్లాగే ఉంటుంది. కొనేవాళ్లం ముక్కు మూసుకుని మాట్లాడతాం గానీ కట్ట తాజాగా ఉందా లేదా అనే చూస్తాం.

ఆ మడి కౌలుకు చేసే ఆమెది పక్కనే ఉన్న తండా. బావను అన్నా అంటుంది, కాబట్టి నేను వదినను. మాతో తెలుగు, ఫోన్లో కూతురితో తండా మాట. మా గోడ మీద నుంచి రోజూ ఒక కట్ట ఇటు పడుతుంది, మా ఇంట్లో వండింది ఏదైనా ఒక గిన్నెలో అటు పోతుంది. ఇన్నేళ్లలో మా మధ్య లెక్క అనేది లేదు. ఆ మాఘమాసంలో ఆమె కూతురు వేవిళ్లు తట్టుకోలేక పుట్టింటికి వచ్చింది. రెండో నెల. అన్నం చూస్తే వాంతి, తల్లి వండిన తోటకూర ఒక్కటే లోపల నిలుస్తుందట. ఆ సంగతి ఆమె మాకు ఎంతో సంబరంగా చెప్పింది.

నర్సమ్మ మాట బావ ఎందుకు వదల్లేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మరుసటి పొద్దున ఆయనే గోడ దగ్గర నిలబడి ఆమెను పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని విన్నది.

"అన్నా, నీకు పానం బాగలేదని నేనేడుస్తుంటె, నువ్వు నా కూరకేడుస్తున్నవా?" అంది.

"నవ్వులాట కాదమ్మా. బిడ్డకు ఆ కూర పెట్టకు."

"పెట్టను. దానికి సంతల కొనుక్కొస్త."

"నీ బిడ్డ తినదు సరే. నీ దగ్గర కొనుక్కపోయినోళ్ల బిడ్డ తింటది గద?"

ఆమె మడి వైపు తిరిగి చూసింది. "మరి మడి ఎండబెట్టుకోనా అన్నా?" అంది.

అంత కొద్ది మందు, అన్ని నీళ్లలో కలిసి, మట్టిలో పడి, వేరు గుండా ఆకులోకి ఎంత ఎక్కుతుందో, ఎక్కినదాని వల్ల ఎంత హానో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. కానీ తెలియనిది ఏమీ లేనట్టే అని చెప్పడానికి మాత్రం నోరు రాదు. బావతో అదే అన్నాను. ఆయన, "అయితే ఏదన్న చెయ్యి మేడం. ఇన్నేండ్లు జీతం తిన్నవ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పైగా ఆ మాట నిజం.

చేయగలిగింది ఒకటి ఉందని నాకు తెలుసు. ఎండుగడ్డిని, కట్టెను కుళ్లబెట్టి తినే శిలీంధ్రాలు కొన్ని ఉన్నాయి. బూజు అనండి, పుట్టగొడుగు జాతి అనండి. కట్టె గట్టిదనం అంతా అందులో ఉండే ఒక మొండి పదార్థంలో ఉంటుంది. దాన్ని విరగ్గొట్టడానికి ఈ బూజు తన ఒంట్లోంచి ఒక రసం వదులుతుంది. ఆ రసం కట్టెకు మాత్రమే అని గిరి గీసుకోదు. రంగులు, పురుగుమందులు, మన మందు గోళీల్లో ఉండే రసాయనాలు తగిలితే వాటిలోనూ కొన్నింటిని ముక్కలు చేస్తుంది. అన్నింటినీ కాదు. కొన్ని గోళీలను ఇట్టే తినేస్తుంది, కొన్నింటిని ముట్టుకోదు. ఈ పాఠం నేను ప్రతి ఏడాదీ చెబుతాను. పిల్లలు ప్రతి ఏడాదీ ఆవలిస్తారు.

ఆవలించినవాళ్లలో ఒకడు నడిగూడెంలో పుట్టగొడుగుల షెడ్డు పెట్టుకున్నాడు. వరిగడ్డిని ఉడకబెట్టి ప్లాస్టిక్ సంచుల్లో కూరి, విత్తనం చల్లి, ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతాడు. రెండు మూడు కోతలయ్యాక సంచి పనికిరాదు, పారేస్తాడు. కానీ ఆ సంచి నిండా తెల్లని బూజు ప్రాణంతోనే ఉంటుంది. మేము ఆటోలో పోయేసరికి షెడ్డు వెనక అలాంటి సంచులు గుట్టగా పడి ఉన్నాయి. "మేడం, పెంటకు పోసేటివి మీకెందుకు?" అన్నాడు. బావ ఒక సంచి చించి, గడ్డిపోచల చుట్టూ అల్లుకున్న ఆ తెల్లదనాన్ని వేలితో తట్టి చూశాడు. ఆపరేషన్ తరువాత ఆయన మొహంలో ఆ ఆసక్తి చూడటం అదే మొదటిసారి. నాకు అక్కడే ఏడుపొచ్చింది. గుట్ట చాటుకు పోయి మొహం కడుక్కుని వచ్చాను.

మురుగును ఆ గడ్డిలోంచి పారించడానికి పెరట్లో ఒక తొట్టి బావే కట్టించాడు. మా పైపు ఒక్కటే కాదు, గల్లీ కాలువ మొత్తాన్ని అందులోకి మళ్లించాడు. "బీపీ గోళీలు ఎవరింట్ల లేవు?" అన్నాడు. ఇటుకలతో అడ్డగోడలు పెట్టించి, నీళ్లు ఒక అరలోంచి ఇంకో అరలోకి పాకుతూ పోయేట్టు చేశాడు. మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్ల కంపుతో జీవితమంతా కుస్తీ పట్టినవాడు, మురుగు ఆయనకు కొత్త కాదు. గడ్డి సంచులు చించి అరల్లో పేర్చాం. ఆ బూజుకు కాస్త పులుపు ఉంటేనే బాగుంటుంది, లేకపోతే మురుగులో ఉండే బాక్టీరియా దాన్ని మింగేస్తుంది. అందుకని చింతపండు పిసికిన నీళ్లు రోజూ పోసేవాడు. నేను కాలేజీకి తయారవుతుంటే పెరట్లోంచి వినిపించేది, "కట్టుకున్న మొగనికి చారు లేదు గని, కాల్వకు పులుసు పెడుతున్నది మా మేడం" అని. గోడ అవతల ఆమె పకపకా నవ్వేది.

పని చేస్తున్నదో లేదో ఎట్లా తెలియాలి? కాలేజీలో ఒక గాజు పాత్రలో నీలం రంగు నీళ్లు పోసి, ఆ గడ్డి కొంచెం వేసి పెట్టాను. వారం తిరగకముందే రంగు వెలిసిపోయింది. పిల్లలు ఆవలించకుండా చూసిన పాఠం అదొక్కటే. అయితే రంగు పోయినంత మాత్రాన మందు పోయినట్టు కాదు. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒక ప్రయోగశాలకు నీళ్లు సీసాల్లో పంపాను. ఫలితం కోసం వాళ్ల చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగాను. చివరికి ఫోన్లో చెప్పారు: నొప్పుల గోళీ మందు బాగా తగ్గింది. బావ వేసుకునే గోళీ మందు, నీళ్లు తొందరగా పోతే తగ్గడం లేదు, ఎక్కువ రోజులు గడ్డిలో నిలిస్తే తగ్గుతోంది, పూర్తిగా మాత్రం పోవడం లేదు.

బావకు అది చాలలేదు. ఇంకో రెండు అరలు కట్టించి నీళ్ల నడక ఇంకా నెమ్మది చేశాడు. ఆ అరలు దాటి వచ్చిన నీళ్లను కూడా ఆమె ఆకుకూరలకు నేరుగా పెట్టకుండా, ముందు ఖాళీ మడిలో నిలవనిచ్చి వాడుకునేది. దీనికంటే మంచి ఏర్పాటు మా చేతుల్లో లేదు. ఉన్నంతలో బాగానే నడిచింది.

గోళీ వేసుకునే వారాల్లో ఆయన అరచేతులు ఎర్రబారి పగిలేవి. చెంబు పట్టుకోలేడు. అయినా చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని తొట్టి దగ్గర కూర్చునేవాడు. అప్పుడప్పుడు ఆ గడ్డిలోంచి పుట్టగొడుగులు పొడుచుకొచ్చేవి, తెల్లగా, చెవుల మాదిరి. చూడటానికి ఎంత బాగుండేవో. ఎవరైనా కోసుకుపోయి వండుకుంటారని ఆయనకు భయం. వచ్చినవి వచ్చినట్టే తెంపి సున్నం గుంతలో పూడ్చేవాడు. "నా బతుకుల ఇంత మంచి పంట పండియ్యలే, పండిస్తే తినే రాత లేకపాయె" అనేవాడు.

బావ ఇప్పుడు లేడు. ఆ ఏడాది గడిచాక, ఇంకో చలికాలంలో పోయాడు. ఆయన చివరి రోజుల కంటే నాకు ఆ తొట్టి రోజులే ఎక్కువ గుర్తుకొస్తాయి. అవి సంతోషంగా ఉన్న రోజులని అప్పుడు మాకు తెలియదు.

ఆ తొట్టి రోజుల్లోనే, ఎండలు ముదిరాక ఒకనాడు, మిల్లు కార్మికుల పెద్ద మనిషి ఒకరు ఫోన్ చేశారు. కార్మిక సంఘం రాష్ట్ర నాయకుడు కోదాడ వస్తున్నారట, బావ ఆ సంఘంలో పాతకాపు కాబట్టి చూసి పరామర్శించి పోతారట. మరునాడు పొద్దున. నాకు పరీక్షల డ్యూటీ ఉంది, ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం దాకా సూర్యాపేటలోనే ఉన్నాను.

బస్సు దిగి గల్లీ మొదట్లోకి రాగానే రోడ్డుకు రెండు వైపులా తెల్లని సున్నం గీతలు కనిపించాయి. బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కు పుటాలు అదరగొట్టింది. మా వైపు అట్లాంటి గీతలు రెండు సందర్భాల్లోనే పడతాయి. పెద్దవాళ్లు వస్తున్నప్పుడు, లేదా ఇంట్లో మనిషి పోయినప్పుడు. నాయకుడి సంగతి ఆ క్షణాన తలలోంచి ఎగిరిపోయింది. చెప్పులు జారిపోతున్నా ఆగకుండా ఇంటికి పరుగెత్తాను.

బావ పెరట్లో, తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బతికే ఉన్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తరువాత తొట్టిలోకి చూశాను.

గడ్డి మీద పౌడర్ పొర ఎంత మందాన ఉందంటే ఏది బూజో ఏది బ్లీచింగో తెలియడం లేదు. మున్సిపాలిటీ వాళ్లు గేటు దగ్గర ఇంకా ఊడుస్తున్నారు. నేను వాళ్ల మీద విరుచుకుపడ్డాను. వాళ్లలో పెద్దావిడ బిత్తరపోయి, "సారొస్తున్నరు గదమ్మా. పెయ్యి బాగలేని మనిషున్న ఇల్లు, తొట్టంత బూజు పట్టి ఉన్నది, దోమలైతయని ఒక బస్తా మొత్తం మీకే పోసినం" అంది. పక్కింటికి చేటెడే చల్లారట, మాకు బస్తా. ఆ మాటలో ఉన్న ప్రేమకు నా కోపం దిగిపోయింది. బావ నడుము లేవక లోపల పడుకుని ఉన్నాడట, వాసన వచ్చి లేచి వచ్చేసరికే పని అయిపోయింది. బ్లీచింగ్ పడ్డాక బతికే బూజు లేదు. అట్లాంటివాటిని చంపడానికే కదా ఆ పౌడర్‌ను తయారు చేసింది.

నాయకుడు పొద్దున్నే వచ్చారు. యాపిల్ పండ్లు, వెంట పదిమంది, ఒక ఫోటో. కుర్చీ అంచున కూర్చుని బావ భుజం మీద చెయ్యి వేసి, "ఏమన్న కావాల్నా? మొహమాటపడకు, అడుగు" అన్నారు.

"ఒక బస్తా బూజు కావాలె సారూ" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. జబ్బులో కూడా ఇంత హుషారుగా ఉన్నాడని ఆయన మెచ్చుకుని వెళ్లారు. నేను వంటింట్లో టీ గిన్నె ముందు నిలబడి ఉన్నాను. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి.

నడిగూడెం కుర్రవాడికి ఫోన్ చేశాను. "మేడం, ఈ ఎండలకు షెడ్డు మూసేసిన. సంచులన్నీ పెంటల కలిసిపోయినయ్. వానలు పడ్డంకనే మళ్ల" అన్నాడు. ఈ జాతి బూజు మన ఎండలకు తట్టుకోదు. మా తొట్టిలో బతికిందంటే, బావ తడి గోనెలు కప్పుతూ, పొద్దుమాపు నీళ్లు చల్లుతూ చంటిపిల్లను సాకినట్టు సాకబట్టే. వానలంటే ఇంకా చాలా దూరం. వారం విరామం అయిపోయి, గోళీలు మళ్లీ మొదలుపెట్టాల్సింది ఎల్లుండే.

ఆ రోజు వచ్చింది. టిఫిన్ తిన్నాడు. గోళీలు, నీళ్లు తెచ్చి ముందు పెట్టాను. ముట్టలేదు.

"వానలు పడ్డంక ఏస్కుంట" అన్నాడు.

నేను మొదట నవ్వాను. ఆయన నవ్వలేదు. డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఆలస్యం చేయొద్దని, అసలే రోగం తిరగబెట్టే రకమని ఆయన గట్టిగా చెప్పారు. బావ విని, సరే సార్ అని, ఫోన్ పెట్టేశాక మళ్లీ అదే మాట.

"ఒక డ్రమ్ము పెడదం బావా. నీ నీళ్లన్నీ అండ్ల పట్టిపెట్టు."

"డ్రమ్ము నిండినంక యాడ పోస్తవ్?"

"సూర్యాపేటల రూం కిరాయికి తీస్కుందం. ఈ నెల ఆడుందం."

"సూర్యాపేటల కాల్వ లేదా? ఆ కాల్వ కింద మడి లేదా?"

"నీకేమన్న పిచ్చి పట్టిందా? ఊరంత మందులు మింగుతలేరా? ఊరంత కాల్వలల్ల ఇడుస్తలేరా? నీ ఒక్కనికే వచ్చిందా ఈ ధర్మం?"

"ఊరోళ్లకు తెల్వదు. నాకు తెల్సు. అదొక్కటే తేడా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అన్నాడు. "ఆ పిల్లకు ఇప్పుడు ఐదో నెల. రోజూ గోడ మీదికెళ్లి మామయ్యా, తిన్నవా అని అడుగుతది. నేనేం చెప్పాలె దానికి?"

నేను అరిచాను. ప్లేటు విసిరాను. కాళ్లు పట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆ పిల్ల పట్టలేదు, ఆ మడి పట్టలేదు, కోదాడలో కూర కొనుక్కునే ఏ ఇంటి సంగతీ పట్టలేదు. లోకమంతా ఆ మురుగే తాగినా సరే, బావ గోళీ మింగాలి. అంతే. వృక్షశాస్త్రం చెప్పే మనిషిని, నీటి కాలుష్యం మీద పరీక్ష పేపర్లు దిద్దే మనిషిని, నాలో మిగిలింది అంతే. అట్లా అనుకున్నందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

మా కేకలు గోడ దాటి పోయాయి. పోకుండా ఎట్లా ఉంటాయి? రెండో రోజు కూడా ఆయన గోళీ వేసుకోలేదు. నేను కాలేజీకి సెలవు పెట్టి, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, గోళీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున గోడ అవతల నుంచి ఒక చప్పుడు మొదలైంది. తడి మట్టిలోంచి వేళ్లు తెగుతున్న చప్పుడు. కూర కోసేటప్పుడు అట్లా రాదు, కొడవలి చప్పుడు వేరు. ఆగకుండా వస్తోంది. బావ లేచి గోడ దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే పోయాను.

ఆమె మడి మొదటి నుంచి వంగి, రెండు చేతులతో పాలకూరను వేళ్లతో సహా పీకుతోంది. పాలకూర అయిపోయింది, తోటకూరలోకి వచ్చింది. చేతికందే గోంగూరను మొదలు పట్టి గుంజుతోంది. పీకినదంతా గట్టు మీద కుప్ప వేసింది. ఇంకో నాలుగైదు రోజులైతే కోతకు వచ్చే కూర అది. ఆ ఎండాకాలం ఆ ఇంటికి అదే ఆధారం. కూతురు మడి పక్కనే ఉన్న తమ ఇంటి గడపలో కూర్చుని తల్లిని చూస్తోంది, లేచి రాకుండా తల్లి గట్టిగా చెప్పినట్టుంది.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాడు బావ. మళ్లీ అడిగాడు. "ఏం చేస్తున్నవ్? పైరు మీద పగబట్టినవా?"

ఆమె తల ఎత్తలేదు. కొత్తిమీర వరస కూడా అయ్యేదాకా పీకింది. అప్పుడు నడుము పట్టుకుని లేచి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, గోడ చివర ముళ్లకంచె పక్కన ఉన్న సందులోంచి మా పెరట్లోకి వచ్చింది. మోచేతుల దాకా బురద. బావ ముందు నిలబడింది.

"మడి లేదు. వానలు పడ్డదాంక నేనేం పెట్టను. కూలికి పోత. ఇగ నీ నీళ్లు ఆ మన్నుల పడి ఇంకిపోనియ్, దాన్ని తినేటోడు ఎవడు లేడు."

"అట్ల చేస్తే ఎట్లమ్మా? నీ బతుకు—"

"నా బతుకు నేను చూస్కుంట. నాకు ఇంకో కారు కూర మొలుస్తది. ఇంకో అన్న మొలుస్తడా?" అని, నా వైపు తిరిగింది. "వదినా, గోళీ తీస్కరా."

నేను లోపలికి పోయి గోళీలు, చెంబుతో నీళ్లు తెచ్చాను. తొందరలో సగం నీళ్లు దారిలోనే ఒలికాయి. బావ ఆమెను చూశాడు, ఆమె భుజం మీదుగా ఆ ఖాళీ మడిని చూశాడు. ఎర్రగా పగిలిన అరచేయి చాచాడు. నేను గోళీలు పెట్టాను. ఒక్కొక్కటీ వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఆమె కదల్లేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, మాట వినని పిల్లవాడిని చూసినట్టు చూసింది.

"మింగినవా?"

"మింగిన."

"నోరు తెరువు. నేను చూస్త."

బావ నోరు తెరిచి చూపించాడు.